ఎడమకాలి చెప్పు

తాతబాబుకి ఒళ్లు మండిపోతోంది. ముంబై నుంచి విశాఖపట్నం దాకా అయిదు రోజులు, ఆ పాతకాలపు ఎర్ర స్పోర్ట్స్ కారుని తన లారీ మీద పసిపిల్లలా మోసుకొచ్చాడు. ఏ ఢాబా దగ్గర ఆపినా జనం మూగి, నోళ్లు తెరుచుకుని చూసేవారు. ఇంత దిష్టి తగిలితే కారు దక్కదని భయమేసి, తన ఎడమకాలి చెప్పు విప్పి దాని వెనక కట్టాడు. అక్కణ్ణించి ఒట్టి కాలితోనే క్లచ్ తొక్కుతూ వచ్చాడు.

మధురవాడలో లారీ ఆగగానే కారు ఓనరు ఉమామహేష్ కంట పడింది ఆ చెప్పే.

“నా కారుకి నీ చెప్పు కడతావేట్రా?” అని తాడు తెంపి, దాన్ని మురుగుకాలవలోకి విసిరేశాడు.

ఆ ‘రా’ తాతబాబుకి చెంపమీద కొట్టినట్టు తగిలింది. యాభై ఏళ్లవాడు తను. అయినా పళ్లు బిగబట్టి, “కారు దించడానికేసే ఈ సెక్కలు పొట్టివి బాబూ, కారు పొట్ట లారీ అంచుకి తగులుద్ది. పొడుగు సెక్కలు తెత్తాను, ఓ గంటాగండి” అన్నాడు.

“నా కారు సంగతి నాకే నేర్పుతావా? తప్పుకో!”

ఉమామహేష్ తనే కారెక్కి, స్టార్టు చేసి ఆ పొట్టి చెక్కల మీంచే వెనక్కి దించాడు. సగం దిగేసరికి కారు పొట్ట లారీ అంచుకి గీరుకుని కర్రుమంది. నల్లటి ఆయిలు రోడ్డంతా పాకింది.

“ముందే చెప్పొచ్చు కదరా!” అని అరిచాడు ఉమామహేష్.

తాతబాబు కాలవలోకి దిగి, బురదలోంచి తన చెప్పు తీసుకున్నాడు.

“ఓ సెప్పు కట్టాను. ఓ మాట సెప్పాను. రెండూ నువ్వే కాలవలో పారేసినావు కదరా!”