ఖాళీ అయితేనే మనిషి

ఎక్కడో దూరాన, నది దాటితే కెనడా వచ్చే సరిహద్దు ఊళ్లో కొలెట్ తల్లి మంచాన పడి ఉంది. ఈ వారం గడవడం కష్టమని ఆమెను చూసుకుంటున్న నర్సు ఫోన్ చేసింది. ఏ నర్సయినా ఆ మాట ఊరికే అనదని కొలెట్‌కి తెలుసు. ఇద్దరం ఒకే వార్డులో పాతికేళ్లుగా పర్మనెంటు నర్సులం కాబట్టి, ఆ సోమవారం నాడే ఆమె సెలవడగడానికి పోతే నేనూ తోడు వెళ్లాను.

మా సూపర్‌వైజర్ క్రెయిగ్ సూప్ తాగుతున్నాడు. "అయ్యో పాపం! కానీ మనుషులేరీ? నీ రోగుల్ని ఎవరు చూస్తారు?"

"ఏజెన్సీ నర్సుని ఒకర్ని పిలిపించు."

"సెలవులకి పిలిపించరు కొలెట్. పోస్టు ఖాళీ అయితేనే. అది వేరే పద్దు."

అదే వార్డులో షాండ్రా ఉంది. ఫ్లోరిడా నుంచి మూడు నెలల కాంట్రాక్టు మీద వచ్చిన ఏజెన్సీ పిల్ల. మా కంటే రెట్టింపు జీతం. గురువారం నుంచి ఆమె ఓడ షికారుకి పోతోంది. ఆ సెలవు కాంట్రాక్టులో ముందే రాయించుకుంది. సంగతి తెలిసి పాపం తనే క్రెయిగ్ దగ్గరికి పరిగెత్తింది.

"నా సెలవు ఆవిడకివ్వు. ఓడ ఎక్కడికి పోతుంది, మళ్లీ ఎక్కుతాను."

"అలా మార్చడం కుదరదమ్మా. నీ సెలవు నీదే."

వీడి నోట్లో ధర్మపన్నాలకేం కొదవలేదు. షాండ్రా షికారుకి వెళ్లింది. ఆమె రోగులు కూడా కొలెట్ నెత్తిన పడ్డారు.

శుక్రవారం మధ్యాహ్నం వార్డు ఫోన్ నేనే ఎత్తాను. కొలెట్ ఒక ముసలాయనకి ఒళ్లు తుడుస్తోంది. తల్లి పోయిందని చెప్పాను. ఆయనకి దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని వచ్చింది.

క్రెయిగ్ ఆమె భుజం తట్టాడు. "చాలా బాధగా ఉంది. డ్యూటీ మారేదాకా ఉండగలవా? అక్కడ ఇప్పుడు తొందరేం లేదుగా."

కొలెట్ నాకు తన రోగుల్ని ఒక్కొక్కరినీ వివరంగా అప్పజెప్పింది. మెడలో బ్యాడ్జి తీసి వాడి చేతిలో పెట్టింది. ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయింది.

సాయంత్రం కాకముందే క్రెయిగ్ నవ్వుతూ వచ్చాడు. "దొరికింది! సోమవారానికి టెక్సస్ నుంచి మనిషి."

ఒళ్లు మండిపోయింది నాకు. "ఈ ఫోనేదో మొన్న సోమవారమే చేసుంటే తల్లిని చూసుకునేది కదరా!"

"అప్పుడు ఖాళీ లేదుగా," అన్నాడు వాడు. నిజంగానే అర్థం కానట్టు నా మొహంలోకి చూశాడు.