మిగిలిన కాజా

దర్జీ కొట్లో కాజాలు కుట్టడం అమ్మ పని. లెక్కల లెక్చరర్ ఇంటర్వ్యూకి వేసుకోమని నా కొత్త చొక్కాకీ తనే కుట్టింది. నేను బయల్దేరుతుంటే సూది మీంచి తలెత్తకుండానే అడిగింది.

"లెక్కలంటే తెలుసు. మధ్యలో నువ్వు పట్టుకున్న ఈ తర్కం ఎందుకురా?"

"లెక్కలన్నీ తర్కంతోనే కుట్టారని కొందరి వాదనమ్మా. విప్పి చూస్తే వేరే దారమే ఉండదంట."

"ఉండదంట ఏంటి? నువ్వు చూళ్లేదా? అక్కడ ఈ 'అంట' అనకు, ఉద్యోగం ఇవ్వరు."

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఆ మెట్ల మీదే అధ్యాపకుడిగా నిలబడాలని నా ఆశ.

గదిలో శాఖాధిపతి, ఆయన పక్కన ఒక మేడమ్ ఉన్నారు. ఆయన నన్ను చూసి నవ్వాపుకున్నారు.

"ముందు చొక్కా చూసుకోండి."

పైన కాజా ఖాళీగా ఉంది. కింద గుండీ వేలాడుతోంది. నా చెవులు వేడెక్కాయి.

"సరే, పిల్లలకి చెప్పినట్టు చెప్పండి. సంఖ్య అంటే ఏంటి?"

గోడవైపు తిరిగి గుండీలు విప్పుతూనే మొదలుపెట్టాను.

"నాకు లెక్కపెట్టడం రాదనుకోండి సార్. ఒక్కో కాజాకి ఒక్కో గుండీ పెడతాను. ఏదీ మిగలకపోతే రెండూ సమానమే. ఒకటీ రెండూ అనే మాటే రాలేదు. ఆ సమానం నుంచే సంఖ్యల్ని పుట్టించవచ్చంటారు తర్కవాదులు."

"ఇందాక మిగిలాయిగా?" అన్నారు మేడమ్.

"అది నా తొందర మేడమ్. జత కుదిరే దారి ఒక్కటుంటే చాలు. నేను తప్పు పెట్టినంత మాత్రాన అది లేకుండా పోదు."

"ఆ వాదమూ తప్పు గుండీయే పెట్టుకుంది," అన్నారాయన. "పునాదిలోనే వైరుధ్యం బయటపడింది."

"అవునండి. విప్పి మళ్లీ పెట్టారు. అప్పుడూ తర్కం ఒక్కటే సరిపోలేదు. లోకంలో వస్తువులకు అంతులేదని రుజువు లేకుండానే విడిగా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒక కాజా మిగిలే ఉంది."

"మరి మీరెందుకు పట్టుకు వేలాడుతున్నారు?"

చివరి గుండీ పెట్టి ఇటు తిరిగాను.

"క్లాసులో మాస్టార్లు 'ఇది అందరికీ తెలిసిందే' అనేవారండి. మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఈ తర్కవాదులు ఆ మాటనకుండా మొదట్నుంచీ కుట్టి చూపిస్తామన్నారు. పూర్తిగా కుదర్లేదు. అయినా నాకు వాళ్లంటే గౌరవం."

ఆయన మేడమ్ వైపు చూశారు.

"మొదటి సంవత్సరం వాళ్లకి ఈయన్నే వేద్దాం," అన్నారామె.

ఇంటికెళ్లి, గుండీల సంగతితో సహా అంతా చెప్పాను. అమ్మ కొంగుతో కళ్లద్దుకుని, చేత్తో నా కాలర్ తడిమింది.

"పై కాజా బిగుతైంది. అందుకే వదిలేసి కింద దాంట్లో పెట్టుంటావు. ఇలా ఇవ్వు, సర్దుతాను."

"వద్దమ్మా, అలాగే ఉండనీ," అన్నాను.