తడి గోనెలు

వేలూరు పక్క ఎండకే పేరు గానీ చలికి లేదు. అందుకే ఇక్కడి చలిని ఎవురూ లెక్కపెట్టరు. మార్గళి నెలలో తెల్లారకముందే లేచి పునాదుల్లోకి దిగేవాళ్లకీ, గోడ వారన పడుకునే కుక్కలకీ మాత్రం అది బాగా తెలుసు.

గుడియాత్తం నుంచి కే.వి.కుప్పం పోయే దారిలో కల్యాణ మండపం ఒకటి కడతా ఉన్నారు. ఏళుమలై మేస్త్రీ ఆరింటికే వచ్చి, మోటారు వేసి, పైపును నేల ఎత్తు చేసే బేస్‌మెంటులోకి వదిలినాడు. చుట్టూ నడుమెత్తు ఇటుక గోడ, లోపలంతా కొత్తగా పోసిన మన్ను. ఆ మన్ను నీళ్లు తాగి కుంగితేనే పైన నేల వేసేది. ఎనిమిదింటికి ఇంజనీరు వచ్చి చూస్తానన్నాడు. నీళ్లు పారతా ఉంటే ఏళుమలై టీ తాగను పోయినాడు.

ఏడింటికి తిరిగొస్తే, మంచులో గోడమీద సెవలి నిలబడి ఉండాది. ఎర్రగా ఉంటుందని ఆ ఆడకుక్కకు ఆ పేరు పెట్టింది కుప్పమ్మ, ఇటుకలు మోసే చిత్తాళు. నాలుగు కట్టడాలుగా అది వీళ్ల వెంటే తిరగతా ఉంది. ఇప్పుడు దానికి పొట్ట దాకా బురద. పండ్లు టకటక కొట్టుకుంటా ఉన్నాయి. మొరగడంలేదు. మూలలో నీళ్లలోకి దూకుతుంది, ముందుకాళ్లతో గీకుతుంది, ముక్కులోకి బురద పోతే మళ్లీ గోడెక్కుతుంది. మళ్లీ దూకుతుంది.

“దీనికి పిచ్చి ఎత్తిందా ఏంది, అక్కా?”

అప్పుడే వచ్చిన కుప్పమ్మ చేతిలో సద్దిగిన్నె కూడా దించకుండా చూసింది.

“పొట్ట చూడప్పా. నిన్న మాపు ఎంత ఉండె! ఈనేసింది.”

“పిల్లలు యాడ?”

“నన్నడగతావా? పడుకున్నదాన్ని లేపింది నువ్వు.”

నిన్న సాయంత్రం పిల్లర్లకు చుట్టను గోనెలు చాలలేదు. “ఒక్క పిల్లరు కూడా ఎండకూడదు మేస్త్రీ” అని ఇంజనీరు అందరి ముందరా అరిచినాడు. ఆ రోషంలో సిమెంటు కొట్టం మూలకు పోయి, సెవలి కింద ఉన్న మూడు గోనెలూ లాగి, నీళ్లలో ముంచి పిల్లరుకు చుట్టేసినాడు. మార్గళిలో నిండు చూలుదాన్ని వట్టి నేలమీద పండబెడతావా అని కుప్పమ్మ అన్నింది. “దానికి బొచ్చుండాది. బొచ్చు లేనిది నాకు. నాకెవురు పరిచినారు గోనె?” అన్నాడు తాను.

రాత్రి కుక్క లేచి పోయింది. గాలి తగలని చోటు వెతుక్కునింది. మెత్తటి మన్ను, మూల గోడ. తోడుకొని లోపలికి దూరింది. ఆ బొక్కలోకే ఏళుమలై గంటసేపు నీళ్లు వదిలినాడు.

ఉరికిపోయి మోటారు ఆపినాడు. నీళ్లు ఆగినాయి గానీ నిలిచినవి ఎక్కడికి పోతాయి? మూలకే దిగతా ఉన్నాయి. ఏళుమలై బయటి పక్క మోకాళ్లమీద కూర్చోని గోడకు చెవి ఆనించినాడు. ముందు ఏమీ లేదు. తర్వాత, ఇటుక వెనకాల, సన్నగా ఒక కుయ్.

“ఉండాయక్కా! బతికే ఉండాయి!”

“పార తెస్తా. పైనుంచి తోడుదాం.”

“పైన పార పెడితే బురదంతా వాటి మీదికే జారతాది. గడ్డపార తే.”

“గడ్డపారతో ఏం చేస్తావు?”

ఏళుమలై గడ్డపార అందుకున్నాడు. ఆ గోడ మొన్న తాను కట్టిందే. ఐదో క్లాసుతో బడి పోయింది, మోకాళ్లు పోయినాయి, చేతికింద పని నేర్చినోళ్లంతా పెద్ద మేస్త్రీలైపోయినారు. ఏళుమలై కట్టింది మళ్లీ ఇప్పాల్సిన పని ఉండదు అనే పేరొక్కటే మిగిలింది. అడుగునుంచి రెండో వరస సందులో గడ్డపార మొన పెట్టి ఎగదోసినాడు. పచ్చి సిమెంటు కరకరమనింది. ఇటుక కదిలింది. కొడితే లోపల కూలుతుంది. అందుకని ఒక్కొక్కటే చేత్తో పట్టి లాగినాడు. నాలుగోది రాంగానే ఎర్రనీళ్లు మొగాన కొట్టినాయి.

“ఓయ్ మేస్త్రీ! ఏం జేస్తా ఉండావు?”

బండి స్టాండు కూడా వేయకుండా ఇంజనీరు హేమనాథ్ అరస్తా వచ్చినాడు. ఇరవై ఆరేండ్లోడు. మెడకు మఫ్లరు, చేతులకు గ్లౌజులు.

“కుక్కపిల్లలుండాయి సార్ లోపల.”

“కుక్క కోసరం గోడ పగలగొట్టినావా? ఓనరు వస్తే నేనేం చెప్పేది?”

“ఏళుమలై తప్పుగా కట్టినాడు, ఇప్పతా ఉండాడని చెప్పండి.”

అని, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టినాడు. బురద ఐసులాగా ఉంది. వేళ్లు కొంకర్లు పోతా ఉన్నాయి. మెత్తగా ఏదో తగిలింది. లాగినాడు. ఒకటి. కుప్పమ్మ కొంగులో వేసుకునింది. ఇంకోటి. మూడోది. నాలుగోదాన్ని కాలు పట్టి బయటికి తీసినాడు గానీ, దాంట్లో కదలిక లేదు. బొక్కలో ఇంక ఏవీ తగల్లేదు.

సెవలి వచ్చి కొంగులో మూతి పెట్టి నాకతా ఉంది. దానికే వెచ్చన లేదు, ఇంక పిల్లలకేమిస్తుంది?

“రాళ్లలాగ ఉండాయప్పా. మంట వేద్దామా?”

“మంచుకు కట్టెలన్నీ తడిసినాయి. అంటుకునేలోపల ఇవి పోతాయి.” ఏళుమలై అటూ ఇటూ చూసినాడు. దూరంగా నీళ్లట్యాంకు కోసరం నిన్న మధ్యాన్నం పోసిన పునాది దిమ్మె. మూడడుగుల మందం. ముప్పై ఏండ్లుగా చలి పొద్దుల్లో చేతులు కాచుకునింది అట్లాంటివాటి మీదే. కాంక్రీటు గట్టిపడతా ఉన్నప్పుడు లోపలినుంచి ఉడుకు తేలుతుంది. పోయి అరచెయ్యి ఆనించినాడు. జొరమొచ్చిన బిడ్డ నొసలు మాదిరి ఉంది.

“ఇట్ల తే, అక్కా!”

పచ్చి సిమెంటు పిల్లల తోలు కాల్చకుండా ఖాళీ సంచులు పరిచి, పైన తన స్వెట్టరు విప్పి వేసినాడు. కుప్పమ్మ పిల్లల్ని తుడిచి పెట్టింది. సెవలి ఎక్కి, మూడు సుట్లు తిరిగి, వాటి చుట్టూ ముడుచుకొని, తోకను వాటిమీదికి కప్పింది. ఏళుమలై నాలుగోదాన్ని రెండు చేతుల మధ్య పెట్టి రుద్దతానే ఉన్నాడు. చలికి తన దవడలు అదరతా ఉన్నాయి. ఎంతసేపు రుద్దినా దాని తల వాలిపోయే ఉంది.

“చాల్లే, నాయనా” అనింది కుప్పమ్మ. అప్పుడు ఆపినాడు.

మిగతా మూడూ చాలాసేపటికి కదిలినాయి. ఒకటి పాలకు తడుముకునింది.

హేమనాథ్ అంతసేపూ పగిలిన మూల కాడే నిలబడి ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత దిమ్మె దగ్గిరికొచ్చినాడు.

“ఆ గోడ ఎవురు కడతారు?”

“నేనే. ఈపొద్దే.”

“సరే. కుక్కను దించు. పదింటికి ఈ దిమ్మె మీద నీళ్లు కట్టాల. ఆరితే పగుళ్లిస్తుంది, నీకు తెలియంది కాదు.”

ఏళుమలై చచ్చిపోయిన పిల్లను తువ్వాలలో చుట్టినాడు. లేచి, బురద చేతులతోనే తాపీ తీసుకున్నాడు.

“నీళ్లు ఎండ ఎక్కినాక కడతా సార్. అంతవరకు యాడన్నా తెచ్చి పక్కలకు తడి గోనెలు చుడతా. ఈ పొద్దున నేను వదిలిన నీళ్లు చాలు.”