అయిదు కార్డులు, ఒక్క కవరు

"ప్యాకింగ్‌కి ఖర్చేముంది, ఇంట్లో నువ్వున్నావుగా" అన్నారు మా ఆయన, ఆన్‌లైన్లో షాపు తెరిచిన రోజు. కంప్యూటర్లో గడులు ఒక్కొక్కటే నింపుకుంటూ పోతున్నారు. సరుకు ధర, షిప్పింగ్ ఛార్జీ, ప్యాకింగ్ ఛార్జీ. మూడో గడిలో సున్నా కొట్టారు. నేను సింకు దగ్గర నిలబడి జల్లెడలో గుండీలు కడుగుతున్నాను. సబ్బునురగలో ఉన్నవి చేతులే, నోరు కాదు. అయినా ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా అలవాటైన పని, దానికీ ఛార్జీ లేదు.

గుండీలు మామయ్యవి. ఆయన టైలరు. పోయి రెండేళ్ళయింది. కొట్టు ఖాళీ చేసినప్పుడు కుట్టుమిషన్లు ఎవరో కొనుక్కుపోయారు, గుండీల డబ్బాలు మాత్రం పద్నాలుగు మిగిలి మా వెనకగదిలోకి వచ్చి చేరాయి. "పారేస్తే పోలా, ఎలకలు తిరుగుతాయి" అంది అత్తయ్య. పారెయ్యడానికి డబ్బా ఎత్తినదాన్ని మూత తీసి చూసి ఆగిపోయాను. ఆల్చిప్ప గుండీలు, చెక్కవి, ఇత్తడివి, కోటుకి కుట్టే పెద్ద నల్లవి. ఇప్పుడెక్కడా దొరకనివి. వాటిని అమ్మవచ్చన్న ఆలోచన నాదే. ఒక్కో గుండీనీ కడిగి, తువ్వాలు మీద ఆరబెట్టి, కన్నాల్లో ఇరుక్కున్న పాత దారప్పోగులు సూదిమొనతో లాగి, రంగూ సైజూ జతపరిచి, ఆరేసి చొప్పున అట్టకార్డు మీద కుట్టి, పొద్దున పది నుంచి పదకొండు దాకా కిటికీలోంచి మంచి వెలుతురు పడే ఆ ఒక్క గంటలో ఫోటో తీసి, కవరులో పెట్టి, చిరునామా రాసి, పోస్టాఫీసు దాకా నడిచివెళ్ళి వరసలో నిలబడేదాన్ని. మా ఆయన చేసింది ఆ గడులు నింపడం. బ్యాంకు ఖాతా ఆయనది కాబట్టి షాపు కూడా ఆయన పేరునే ఉంది.

అందుకే కొన్నవాళ్ళు రాసే అభిప్రాయాలన్నీ 'సర్' అని మొదలయ్యేవి. 'ఎంత ఓపికగా కుట్టారు సర్.' 'మీ చేతిపని ముచ్చటగా ఉంది సర్.' భోజనాల దగ్గర మా ఆయన వాటిని ఫోన్లోంచి చదివి వినిపించేవారు. "చూశావా అమ్మా, ఎక్కడెక్కడి జనమో మెచ్చుకుంటున్నారు." అత్తయ్య మురిసిపోయేది. "చిన్నప్పట్నుంచీ నీ పని శుభ్రమే నాయనా, మీ నాన్న పోలిక." చొక్కా గుండీ ఊడితే ఆ చొక్కా మడిచి నా దిండు మీద పెట్టి వెళ్ళే మనిషి ఆయన. నేను పళ్ళెంలోకి చూస్తూ తినేదాన్ని. ఒకసారి మాత్రం నవ్వాగక పొలమారింది. "మెల్లగా తినవే, ఎవరు తరుముతున్నారు" అంది అత్తయ్య.

షిప్పింగ్ సంగతి కూడా మొదట ఆయన పుణ్యమే. "గుండీల ధర తక్కువ పెడదాం. షిప్పింగ్‌లో లాగుదాం. సైటువాళ్ళు కమీషను సరుకు మీదే కోస్తారు, షిప్పింగ్ మీద కోయరు" అన్నారు. పోస్టాఫీసులో అయ్యేదానికి రెట్టింపు వేశారు. "ఇదేం బాగుంటుందండీ" అన్నాను. "లోకంలో అందరూ చేసేదే. నువ్వొక్కదానివి హరిశ్చంద్రుడి చెల్లెలివి మరి" అన్నారు. ఇక్కడిదాకా తప్పంతా ఆయన మీద వేసి చేతులు దులుపుకోవచ్చు. చాలాసార్లు దులుపుకున్నాను కూడా. కానీ ఆ తర్వాత చేసింది నేను. ఎవరూ చెయ్యమనకుండా, ఎవరికీ తెలియకుండా చేశాను. చెప్పుకోవాల్సింది అదే.

ఒకే మనిషి నాలుగైదు కార్డులు కొంటే సైటు మమ్మల్ని అడుగుతుంది: అన్నీ కలిపి పంపుతారా, షిప్పింగ్ ఒక్కసారే తీసుకోమంటారా అని. పక్కన చిన్న గడి ఉంటుంది, టిక్ పెట్టాలి. మొదట్లో పెట్టేదాన్ని, అప్పుడవన్నీ ఒకే ఆర్డరు కింద లెక్కకొచ్చేవి. మా ఆయన సోమవారం పొద్దున ఎన్ని ఆర్డర్లుంటే అన్నిటికీ పోస్టు ఖర్చు లెక్కగట్టి నా చేతిలో పెట్టేవారు. ఒక వారం హడావుడిలో టిక్ పెట్టడం మర్చిపోయాను. ఒకే మనిషివి మూడు ఆర్డర్లకని ఆయన ఇచ్చారు, నేను మూడు కార్డులూ ఒకే కవరులో పంపాను. పోస్టాఫీసులోంచి బయటికొచ్చాక చూసుకుంటే పర్సులో మిగులుంది. ఎవరూ లెక్క అడగని డబ్బు నా చేతిలోకి రావడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. తిరిగి వచ్చే దారంతా పర్సు మీద చెయ్యి వేసుకునే నడిచాను. ఆ పైవారం నుంచి టిక్ పెట్టడం మర్చిపోలేదు, మానేశాను.

ఎందుకంటే చెప్తాను, అది కూడా పెద్ద కారణమేం కాదు. కళ్ళు లాగుతుండేవి. సూదిలో దారం ఎక్కించాలంటే పది నిమిషాలు పట్టేది. కళ్ళజోడు కావాలండీ అని భోజనాల దగ్గర అడిగాను. "గుండీకి నాలుగు కన్నాలుంటాయి, గుడ్డివాళ్ళయినా కుట్టెయ్యగలరు. బయటికెళ్ళేదానివా, ఆఫీసుకెళ్ళేదానివా?" అన్నారు ఆయన. అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే కోపం వచ్చిందంటారు, కోపం ఎందుకొచ్చిందో చెప్పమంటారు, చెప్తే ఇంత చిన్నమాటకా అంటారు. అంత దూరం నడిచే ఓపిక లేక నవ్వేశాను. మూడు నెలల తర్వాత కళ్ళజోడు పెట్టుకుని వంటింట్లోకి వస్తే, అక్క కొనిపెట్టిందని చెప్పాను. నా కూలి నేను తీసుకున్నాను, తప్పేముంది అనుకున్నాను. ఎవరి దగ్గర్నించి తీశానన్నది ఆలోచించలేదు. కొనేవాళ్ళకి మొహాలుండవు కదా, చిరునామాలే ఉంటాయి.

ఆవిడ ఒకే మధ్యాహ్నం అయిదు కార్డులు కొంది. అన్నీ ఆల్చిప్పవే. నేను అయిదు షిప్పింగులూ అలాగే ఉంచి ఒక్క కవరులో పంపాను. వారం తర్వాత ఒక్క నక్షత్రం వచ్చింది. కింద ఇలా ఉంది: 'గుండీలు బాగున్నాయి. అయిదుసార్లు షిప్పింగ్ తీసుకున్నారు, వచ్చింది ఒక్క కవరు. పోస్టాఫీసువాళ్ళు వేసిన ముద్రలో ఎంతయిందో కనిపిస్తూనే ఉంది. మిగతాది ఎవరికి సర్?'

మా ఆయన అది చదివితే అయిదు పోస్టు ఖర్చులు తనిచ్చిన సంగతి, ఒక్కటే అయిన సంగతి ఇట్టే తెలిసిపోతుంది. కానీ ఆయన కింద రాసింది సరిగ్గా చూడనే లేదు. ఆయనకి కనపడింది నక్షత్రమే. "ఎవత్తో షిప్పింగ్ ఎక్కువని ఏడ్చింది. మన సగటంతా పాడుచేసింది. నువ్వు ఏదో ఒకటి రాసి తీయించెయ్. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నాడని రాయి, ఆడవాళ్ళు ఇట్టే కరిగిపోతారు" అన్నారు. నేనూ ఆడదాన్నేనన్నది ఆ క్షణం ఆయనకి తోచినట్టు లేదు.

సలహా ఆయనది, రాత మాత్రం నాది. ఎంత బాగా రాశానో! షాపు ఆయన పేరున ఉంది కాబట్టి ఆయన గొంతుతోనే రాశాను. 'అమ్మా, మా నాన్నగారు మంచం పట్టి పదకొండు నెలలు. నోట్లో ముద్ద పెట్టినా, పక్క మార్చినా నేనే. ఆ గాభరాలో షిప్పింగ్ లెక్క చూసుకోలేదు. ఈ గుండీలే మాకు ఆధారం. మీ ఒక్క నక్షత్రంతో ఆ ఆధారమూ పోయేలా ఉంది.' పోయిన మనిషిని లేపి మళ్ళీ మంచమెక్కించాను. పదకొండు నెలలన్నది మాత్రం అబద్ధం కాదు. మామయ్యకి నిజంగానే పదకొండు నెలలు చేశాను. దుప్పట్లు ఉతికింది, మందులు పట్టింది, వీపుకి పుండ్లు పడకుండా గంటగంటకీ పక్కకి తిప్పింది నేనే. ఆ రోజుల్లో మా ఆయన గుమ్మంలో నిలబడి "ఎలా ఉంది నాన్నా" అని అడిగి వెళ్ళిపోయేవారు. నిజంగా చేసినప్పుడు ఒక్కరూ ఒక్కమాట అనలేదు. దాన్ని అబద్ధంలోకి దించి అమ్మకానికి పెడితే మర్నాటికల్లా జవాబొచ్చింది.

'అయ్యా, క్షమించండి' అని మొదలుపెట్టింది ఆవిడ. 'మీ ఇంటి పరిస్థితి తెలియక తొందరపడ్డాను. అసలు సంగతి చెప్తాను. బిల్లు చూసి మావారు మా అబ్బాయి ముందూ కోడలి ముందూ, గుండీల కంటే పోస్టు ఖర్చెక్కువా, నీకు కూడికలైనా వచ్చా, ఇక బ్యాంకు కార్డు ఇటిచ్చెయ్ అని తీసేసుకున్నారు. ఆ ఉక్రోషమంతా మీ మీద చూపించాను. తండ్రికి ఇంత సేవ చేసే కొడుకుని ఈ రోజుల్లో ఎక్కడా చూడలేదు. నక్షత్రాలు అయిదు చేశాను. పండక్కి దాచుకున్నదేదో ఉంటే కోడలిచేత మరో మూడు కార్డులు తెప్పించుకుంటున్నాను. మూడింటికీ షిప్పింగ్ విడివిడిగానే తీసుకోండి. నాన్నగారి మందులకి పనికొస్తుంది.'

భోజనాల దగ్గర మా ఆయన అయిదు నక్షత్రాలే చూసి "చెప్పానా, కరిగిపోతారని" అన్నారు. వాటి పక్కనే ఆవిడ అందరికీ కనబడేలా పెట్టిన పొగడ్త మాత్రం పైకి చదివారు. "తండ్రికి ఇంత సేవ చేసే కొడుకుని..." అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. "నిజమే నాయనా, మీ నాన్నకి నువ్వేం లోటు చెయ్యలేదు." నేను సగంలోనే పళ్ళెం తీసుకుని లేచాను. వాళ్ళ మీద కోపంతో అయితే బాగుండేది. కోపమైతే నాకు అలవాటే, మింగెయ్యగలను. ఇది సిగ్గు. నా కళ్ళెదుట అదే కదులుతోంది: ఎక్కడో ఒక భోజనాల బల్ల, అక్కడొక ముసలాయన, కొడుకూ కోడలూ వింటుండగా 'నీకు కూడికలైనా వచ్చా' అనిపించుకుంటున్న ఒక పెద్దావిడ. ఆవిడ కూడా నాలాగే నవ్వేసి ఉంటుంది. ఆ బ్యాంకు కార్డు ఆవిడ చేతిలోంచి పోవడానికి కారణం వాళ్ళాయన ఒక్కడే కాదు, నేనూ. ఇద్దరం చెరో చెయ్యీ వేశాం.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేని వేళ కంప్యూటరు ముందు కూచున్నాను. మూడు కొత్త ఆర్డర్లు. టిక్ పెట్టే గడి ఎప్పట్లాగే అడుగుతోంది. టిక్ పెట్టేస్తే ఈ మూడింటి వరకూ సరిపోతుంది. పాతవి పాతవే, ఇకనుంచి బుద్ధిగా ఉందాం అని నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. ఆ సర్దిచెప్పే గొంతు అచ్చం మా ఆయన గొంతులాగే వినబడింది. లోకంలో అందరూ చేసేదే అంటోంది. పదహారేళ్ళు ఒకే కప్పు కింద ఉంటే మాట కూడా అంటుకుంటుందేమో.

ఆవిడ కట్టిన షిప్పింగుల్లో ఒక్కటి, అదీ పోస్టాఫీసు ముద్రలో ఉన్నంతే ఉంచి, మిగతాదంతా తిరిగి పంపించేశాను. కొత్త మూడు ఆర్డర్లకీ అంతే. డబ్బు తిరిగి వెళ్ళినంత సులువుగా చెప్పిన అబద్ధం వెనక్కి వెళ్ళదు. ఆవిడకి తెలియాలి. ఆవిడకొక్కదానికే రాస్తే సరిపోదు, ఆవిడ అయిదు నక్షత్రాలూ అందరికీ కనబడేలా పెట్టింది. అభిప్రాయం కింద అమ్మినవాళ్ళు జవాబు రాసే చోటు ఉంటుంది, ఒకసారి రాస్తే చెరపడం కుదరదు. అక్కడ రాశాను.

'అమ్మా, ఈ అయిదు నక్షత్రాలూ నేను అబద్ధం చెప్పి తీసుకున్నవి. మా మామగారు పోయి రెండేళ్ళయింది. ఆయనకి చేసింది కొడుకు కాదు, కోడలు. గుండీలు కుట్టేదీ, మీకు ఉత్తరం రాసిందీ, అయిదుసార్లు షిప్పింగ్ తీసుకున్నదీ నేనే. మీకు కూడికలు సరిగ్గానే వచ్చు. ఈ మాట మీవారికి చూపించండి. దయచేసి మీరు మొదట పెట్టిన ఒక్క నక్షత్రమే మళ్ళీ పెట్టండి.'

పంపించాక లేచి మంచినీళ్ళు తాగాను. తేలికపడతాననుకున్నాను, పడలేదు. చేసిన తప్పు చెప్పినంత మాత్రాన పోదని అప్పుడే తెలిసింది.

సాయంత్రం మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చారు. బ్యాంకు నుంచి మెసేజి వెళ్ళినట్టుంది, దాన్ని పట్టుకుని షాపు తెరిచి అంతా చదివినట్టున్నారు.

"ఏంటిది? ఎవర్నడిగి రాశావు? నా పేరున్న షాపు అది!"

"పేరు మీదే. చేసింది నేను. అందుకే రాశాను."

"పరువు తీసిపారేశావు కదే. అయినా అయిదు పోస్టు ఖర్చులు నా దగ్గర తీసుకుని ఒక్కటి కట్టావా? ఇన్నాళ్ళూనా? దొంగతనం కాదా అది?"

"దొంగతనమే."

కాదంటానని, ఏడుస్తానని ఎదురుచూసినట్టున్నారు. అత్తయ్య గదిలోంచి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. ఈసారి ఆయన గొంతు కాస్త తగ్గించారు, పిల్లలకి నచ్చజెప్పేటప్పుడు తగ్గించినట్టు.

"నీకేం కావాలన్నా నేను లేదన్నానా? అడిగితే ఇవ్వనా?"

ఎన్నోసార్లు విన్న మాటే. ఎప్పుడూ తలూపేదాన్ని. ఆరోజు ఊపలేదు.

"కళ్ళజోడు అడిగానండీ. అందరం కలిసి నవ్వుకున్నాం. ఆ తర్వాత మిమ్మల్ని ఇంకోసారి అడగడం కన్నా, ముక్కూమొహం తెలియని ఒక ముసలావిణ్ణి మోసం చెయ్యడమే నాకు తేలికైంది."