చాంతాడు రాసిన పద్నాలుగో వ్యాసం

ఆఫీసులో అతన్ని అందరూ చాంతాడు అనేవారు. మనిషి పొడుగు కాదు, రాత పొడుగు. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో గుమాస్తా. పగలంతా "మీ ఫిర్యాదు అందినది, తగు చర్య తీసుకోబడును" అని రెండు ముక్కల్లో జవాబులు రాసీ రాసీ విసిగిపోయి, ఆ కసినంతా తెల్లవారుజామున లేచి బ్లాగు మీద తీర్చుకునేవాడు. ఎనిమిదేళ్ళలో పదమూడు వ్యాసాలు. ఒక్కొక్కటి చదవాలంటే పూటంతా తీరిక చేసుకుని కూర్చోవాలి. రోడ్ల మీద తెల్లగీతలు గీసే మనిషి గురించి ఒకటి, ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడ గురించి ఒకటి, గడియార స్తంభానికి కీ ఇచ్చే ముసలాయన గురించి ఒకటి. చదివేవాళ్ళంటారా, ముప్ఫై మంది దాటితే గొప్ప. అందులో సగం మంది దారితప్పి వచ్చినవాళ్ళు. కింద అభిప్రాయం రాసేది ఒకే ఒక్క రిటైర్డ్ లెక్కల మేష్టారు. ఆయన ప్రతిసారీ రాసేది ఒకటే మాట: "బాగుంది. కానీ పొడుగు."

అతని పని పద్ధతి అతనిది. ఎవరి గురించి రాయదలుచుకుంటే వాళ్ళ దగ్గర మొదటి పదిరోజులూ కాగితం, కలం లేకుండా ఊరికే కూర్చుంటాడు. ఇతనొకడు ఇక్కడున్నాడన్న ధ్యాస వాళ్ళకు పోయాక పుస్తకం తెరుస్తాడు. రాసింది మూడుసార్లు తిరగరాస్తాడు. చివరికి ఎవరి గురించి రాశాడో వాళ్ళకే మొత్తం చదివి వినిపించి, సరేనన్నాకే బ్లాగులో పెడతాడు. అన్నిటికన్నా ముఖ్యమైనది మేకు. ఎంత పెద్ద వ్యాసమైనా ఒక్క మేకుకే వేలాడాలని అతని నమ్మకం. మిగతాదంతా మరిచిపోయినా, చదివినవాడి బుర్రలో దిగబడి ఉండిపోయే ఒక్క సంగతి అన్నమాట. ఊరందరికీ టైము చెప్పే గడియారం ముసలాయన ఇంట్లో గడియారం లేదు. అదీ మేకు. పదమూడింటికీ మేకులు దొరికాయి. మేకులు కొట్టుకుంటూ పోయాడే గాని, తగిలించినదాన్ని చూడ్డానికి మాత్రం జనం రాలేదు.

పద్నాలుగోది మేనమామ గురించి. మామయ్యకు రెండు కుర్చీల సెలూన్ ఉంది. రెండో కుర్చీ సీటు చిరిగిపోయి చాలాకాలంగా పేపర్లు పెట్టుకోవడానికే పనికొస్తోంది. వెనక గదిలో అత్తయ్య తువ్వాళ్ళు ఉడికించి, పిండి, తాడు మీద ఆరేసి, మడతపెట్టి ముందుకు అందిస్తుంది. చాంతాడు పుట్టువెంట్రుకల నుంచి ఇప్పటి నెరిసిన వెంట్రుకల దాకా అన్నీ ఆ నేల మీద రాలినవే. ఇన్నేళ్ళూ ఎదురుగా ఉన్న మనిషి గురించి రాయాలని తోచనందుకు సిగ్గుపడి, నెలరోజులపాటు రోజూ ఆఫీసు కాగానే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

పన్నెండో రోజున మేకు కనబడింది. మామయ్య కుడిచెయ్యి వణుకుతోంది. మామూలు వణుకు కాదు, పళ్ళెంలో కత్తెర పెడితే టకటకమని చప్పుడయ్యేంత వణుకు. కానీ కత్తి అంచు చెంపకు ఆనిందా, ఠక్కున ఆగిపోతుంది. చెంప మీద ఉన్నంతసేపూ రాయిలా నిలబడుతుంది. ఎత్తగానే మళ్ళీ మొదలు. నాలుగేళ్ళుగా ఇదే తంతు. కుర్చీలో కూర్చున్నవాళ్ళలో ఒక్కరికీ తెలియదు, ఎందుకంటే కత్తి గాల్లోకి లేచేముందు మామయ్య ప్రతివాడితోనూ ఒకే మాట అంటాడు: "గడ్డం పైకెత్తండి సార్. ఫ్యాను చూడండి." వాళ్ళు ఫ్యాను చూస్తారు. కళ్ళు దించేసరికి కత్తి చెంప మీద ఉంటుంది. చాంతాడుకు ఎనిమిదేళ్ళలో అంత మంచి మేకు దొరకలేదు.

సెలవురోజు మధ్యాహ్నం షట్టరు సగం దించి, వ్యాసమంతా చదివి వినిపించాడు. గంటన్నర పట్టింది. తన తండ్రి దగ్గర గుమ్మడికాయ మీద గీకుతూ కత్తి పట్టడం నేర్చుకున్న చోట మామయ్య ముసిముసిగా నవ్వాడు. తువ్వాళ్ళ చోట అత్తయ్య కళ్ళొత్తుకుంది. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి మామయ్య చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చున్నాడు. మనసు కదిలింది కాబోలనుకుని చాంతాడు గొంతు ఇంకాస్త తగ్గించి చదివాడు. ఎంత మూర్ఖుడంటే అంత.

"అంతా బాగుంది నాయనా" అంది అత్తయ్య, చదవడం అయ్యాక. "ఆ చెయ్యి ముక్క ఉండాలా?"

"అది తీసేస్తే వ్యాసమే లేదత్తయ్యా!" అని చాంతాడు మేకు గురించి పాఠం మొదలుపెట్టాడు. వెన్నెముక అన్నాడు, ఆయువుపట్టు అన్నాడు. అత్తయ్య మామయ్యకేసి చూసింది.

"ఉండనీవే" అన్నాడు మామయ్య. "అల్లుడు రాసింది ఇంత పొడుగుంది. చెయ్యి దాకా వచ్చేసరికి చదివేవాడికి గడ్డం మొలుస్తుంది. ఎవడు చదవొచ్చాడులే!"

ముగ్గురూ నవ్వారు. చాంతాడు కూడా నవ్వాడు గాని, లోపల చురుక్కుమంది. పరాయివాళ్ళంటే సరే, మామయ్య కూడానా? ఆ మంట మీదే సోమవారం పొద్దున వ్యాసం బ్లాగులో పెట్టేశాడు. ఒక్క మాట తీయలేదు. పైగా చెయ్యి ముక్కను మొదటికి తెచ్చాడు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఈ చేను పండిన తీరు పగవాడికి కూడా వద్దు. ఎవరో పంచుకున్నారు, వాళ్ళ దగ్గర నుంచి ఇంకెవరో. బుధవారానికి వేలు, శుక్రవారానికి లెక్కే లేదు. "ఏడిపించారు సార్", "రాత అంటే ఇదీ", "ఆ చెయ్యి కలలోకి వస్తోంది". లెక్కల మేష్టారు జన్మలో మొదటిసారి పొడుగు మాట ఎత్తలేదు. ఆఫీసులో సూపరింటెండెంటు తన టీ తనే తెచ్చుకుని అతని టేబుల్ దగ్గర నిలబడి తాగాడు. చాంతాడు ఆరురోజులపాటు నేల మీద నడవలేదు. వచ్చిన ప్రతి అభిప్రాయానికీ కూర్చుని జవాబు రాశాడు. ఆ ఆరురోజుల్లో సెలూన్‌కు ఒక్కసారైనా వెళ్ళలేదు. తర్వాత తనను తాను తిట్టుకున్నప్పుడల్లా ముందు ఈ మాటతోనే మొదలుపెట్టేవాడు.

ఆదివారం వెళ్ళాడు. సందు మొదట్లోంచే జనం కనబడ్డారు. గుండె ఉప్పొంగింది. దగ్గరికి వెళ్ళాక చూస్తే బెంచీ నిండా ఉన్నారు, గుమ్మం నిండా ఉన్నారు, కుర్చీ మాత్రం ఖాళీ. మామయ్య దాని పక్కన కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెళ్ళిఫొటోకు నిలబెట్టినట్టు బిగుసుకుపోయి ఉన్నాడు.

"ఇంకాసేపు అలాగే గాల్లో ఉంచండి తాతగారూ, వీడియో తీస్తున్నా" అంటోంది ఒకమ్మాయి.

"నిజంగానే వణుకుతోందిరా!" అన్నాడు వెనకనుంచి ఒకడు, టిక్కెట్టు డబ్బులు గిట్టినంత తృప్తిగా.

వెనక గదిలో అత్తయ్య స్టూలు మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. తాడు మీద ఒక్క తువ్వాలు లేదు. వారం కిందట మడతపెట్టినవి దొంతర కదలకుండా అలాగే ఉన్నాయి.

"బ్యాంకు మేనేజరు గారు గడ్డం పెంచుతున్నారట" అంది. "హెడ్మాష్టారి చర్మానికి కత్తి పడటం లేదట. ఇరవై ఏళ్ళుగా పడింది, ఈ వారం నుంచే పడటం లేదు. మొన్న ఒకాయన పాపం మొహమాటానికి కూర్చున్నాడు. ఫ్యాను చూడండి సార్ అన్నారు మీ మామయ్య. ఆయన నవ్వాడు. నవ్వి, ఫ్యాను చూడకుండా అద్దంలోకే చూస్తూ కూర్చున్నాడు. అంతే, మధ్యలో ఏదో పనుందని లేచి వెళ్ళిపోయాడు, సగం నురగతో." తువ్వాళ్ళ దొంతరకేసి చూస్తూ, "నేను అడిగాను కదా నాయనా" అంది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

చాంతాడు అక్కడికక్కడే ఫోను తీసి వ్యాసాన్ని బ్లాగులోంచి తీసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. అప్పటికే అది వంద చోట్ల ఉంది. ఎవరో చెయ్యి ముక్క ఒక్కటీ కత్తిరించి, వెనక వీణ మోగిస్తూ చదివి పెట్టారు. మిగతా వ్యాసం, గుమ్మడికాయా తువ్వాళ్ళూ తండ్రీ, ఎవరికీ గుర్తులేవు. మేకు మాత్రం దిగబడింది. తను కోరుకున్నదే జరిగింది. ఆ రాత్రి అతనికి బతకాలనిపించలేదు. పొద్దున లేచి ఆఫీసుకు వెళ్ళి, తగు చర్య తీసుకోబడును అని నలభైసార్లు రాశాడు.

తర్వాత ఏం చేశాడో చెబితే నవ్వొస్తుంది. పదిహేనోది రాశాడు. మామయ్య చెయ్యి ఎంత భద్రమైనదో, నాలుగేళ్ళలో ఒక్క గాటైనా ఎలా పడలేదో, ఎప్పుడూ వచ్చేవాళ్ళు ఎందుకు భయపడనక్కర్లేదో పదిరోజులు కూర్చుని రాశాడు. అదీ చాంతాడంతే వచ్చింది. ముంచినవాడికి తేల్చడానికి ఇంకో తాడు దొరకలేదు మరి. అచ్చు తీసిన కాగితాలు పట్టుకుని బుధవారం సాయంత్రం సెలూన్‌కు వెళ్ళాడు. ఈసారి గుమ్మంలో ఎవరూ లేరు. వింత చూసేవాళ్ళకు ఇంకో వింత దొరికినట్టుంది. మామూలు మనుషులు మాత్రం తిరిగి రాలేదు.

"ఇంకోటా?" అంది అత్తయ్య కాగితాలు చూసి. "మందు కూడా అదే సీసాలోంచేనా నాయనా?"

మామయ్య కాగితాలు అందుకోలేదు. కుర్చీ అతనివైపు తిప్పాడు. "కూర్చో" అన్నాడు.

చాంతాడు కూర్చున్నాడు. మామయ్య మెడచుట్టూ గుడ్డ కట్టాడు, నురగ పట్టించాడు. బ్రష్షుకు వణుకుతో పేచీ లేదు. కత్తి తీశాడు. ఫ్యాను చూడమని అనలేదు. అద్దంలో మామా అల్లుళ్ళిద్దరూ గాల్లో ఉన్న ఆ చేతినే చూశారు. చాంతాడుకు భయం వేయలేదు. కోస్తే కోయనీ, హాయిగా ఉంటుందనిపించింది. కత్తి చెంపకు ఆనింది.

చెయ్యి ఆగలేదు.

తెల్లటి నురగలో సన్నగా ఎర్రగీత పడింది. మామయ్య కత్తి పక్కన పెట్టి, తువ్వాలుతో అద్ది, పటిక రాశాడు. పటిక ముక్క కూడా చెంప మీద గజగజలాడింది.

"ఏం కాలేదు మామయ్యా. మళ్ళీ గియ్యి" అన్నాడు చాంతాడు.

"ఇది మూడోది" అన్నాడు మామయ్య. "ముందు తెగిన ఇద్దరూ మంచివాళ్ళు. బయట చెప్పరులే."

వెనక గది గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. ఆవిడకు కూడా ఈ సంగతి ఇప్పుడే తెలిసిందని ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది.

"జనం పోతే పోయార్రా. పదిమంది పోతే ఇద్దరు మిగులుతారు, ఆ ఇద్దరితో బతుకుతాం. నా బాధ దానిక్కాదు." మామయ్య చిరిగిన కుర్చీలో పేపర్ల మీదే కూలబడ్డాడు. "అది ఆగుతుందని నాకు తెలుసు. కానీ ఎప్పుడూ దానికేసి చూళ్ళేదు. నేను చూసేది చెంపని. నువ్వు చదివి వినిపించిన రోజు నుంచీ చెంప కనపడటం లేదు. ఆగుతుందా లేదా అని చేతినే చూస్తున్నా. చూస్తుంటే ఆగడం లేదు."

చాంతాడు మెడకు కట్టిన గుడ్డ కిందనుంచి కాగితాలు బయటికి తీశాడు.

"ఆ ముక్క ఒకసారి చదువు" అన్నాడు మామయ్య.

"ఇదా?"

"ఇది కాదు, పాతది. నా చెయ్యి ఆగడం గురించి రాశావు కదా. నెలరోజులు ఇక్కడే కూర్చుని చూశావు. నాకంటే నీకే బాగా తెలుసు. చదువు, వింటా." లేచి వచ్చి మళ్ళీ కత్తి పట్టుకున్నాడు. చెయ్యి గాల్లోకి ఎత్తి, కొత్తగా పనిలో చేరినవాడిలా తల ఒంచి నిలబడ్డాడు.

వ్యాసాన్ని బ్లాగులోంచి తీసేసినా, మూడుసార్లు తిరగరాసిన మాటలు మనిషిలోంచి పోతాయా? చాంతాడు అద్దంలోకి చూస్తూ అప్పజెప్పాడు. "కత్తి గాలిలో ఉన్నంతసేపూ ఆ చెయ్యి వణుకుతూనే ఉంటుంది. అంచు చెంపకు తగిలిన క్షణాన ఆగిపోతుంది. నాలుగేళ్ళుగా ఈ సంగతి ఫ్యానుకు తప్ప ఎవరికీ తెలియదు."

"ఊఁ" అన్నాడు మామయ్య. "తర్వాత?"

తర్వాత లేదు. తర్వాత పేరా తువ్వాళ్ళది. నెలరోజులు కూర్చుని, మూడుసార్లు తిరగరాసి, ఇంతకన్నా లోతుగా ఎవడూ రాయలేడనుకున్నాడు. ఆగుతుందని రాశాడు. ఎలా ఆగుతుందో ఒక్క ముక్క రాయలేదు. అడగాలని కూడా తోచలేదు. మేకు దొరికిందని అక్కడితో వదిలేశాడు.

"అంతే మామయ్యా."

"అంతేనా?" అన్నాడు మామయ్య. "నేను సరిగ్గా విన్లేదేమో. ఇంకోసారి చదువు. నెమ్మదిగా చదువు."

చాంతాడు మళ్ళీ మొదటినుంచి, ఈసారి నెమ్మదిగా, చదవడం మొదలుపెట్టాడు.