ఆస్మా ఆగిన చోటు

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. చెవుల సంగతి మాత్రం చెప్పకుండా వదిలేశారు. వాళ్ల కాలంలో ఫోన్లో పాటలూ, పాటల కింద కామెంట్లూ లేవు కదా మరి! యమున, ఆస్మా కలిసి పాడిన రెండో ఆల్బం బయటికొచ్చిన నాటి నుంచి గోదావరిఖనిలో నోరున్న ప్రతివాళ్లూ దాని మీద ఒక మాట అన్నారు. పాట మొత్తం వినని వాళ్లు ఇంకో రెండు మాటలు ఎక్కువే అన్నారు.

యమున గనిమీద లాంప్‌రూంలో పనిచేస్తుంది. గనిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం ఆమె డ్యూటీ. తండ్రి పోయాక ఆయన బదులు వచ్చిన ఉద్యోగం. తల్లి కూడా లేదు. క్వార్టర్లో ఒక్కతే ఉంటుంది. షిఫ్టు దిగి, అన్నం వండుకుని, పళ్లెం ముందు పెట్టుకుని కామెంట్లు చదవడం మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది.

"మొదటి ఆల్బంల పానం ఉండె. ఇది వట్టి పాట" అని ఒకాయన. "నీకు పానం ఉంటె గద పాటల పానం ఇనవడేది" అని ఆయనకు కింద ఇంకొకాయన. డప్పు పెడితే బాగుండేదని కొందరు, డప్పు లేకపోవడమే అందమని కొందరు. మందమర్రి నుంచి ఒకామె, "మా అవ్వ సచ్చిపోతె గూడ ఏడ్వలే. ఆరో పాట ఇని ఏడ్చిన" అని రాసింది. ఆ మాట చదివి యమునకూ కళ్లు తడిశాయి. అయినా ఏం లాభం! ఊరంతా చెప్పింది, చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. పాటలు ఎలా ఉన్నాయో ఆస్మా ఒక్క ముక్క అనలేదు.

వాళ్లిద్దరి పాటలను జనం 'పానం పాటలు', అంటే ప్రాణమున్న పాటలు, అంటారు. హడావుడి ఉండదు. ఒక హార్మోనియం, రెండు గొంతులు, అంతే. చిన్నప్పుడు వాళ్ల క్వార్టర్ల మధ్య ఒకటే గోడ. గోడకు ఇటు యమున, అటు ఆస్మా గిన్నెలు తోముతూ పాడేవాళ్లు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగుకు సైరన్ కూయగానే బస్తీ మొత్తం ఎక్కడిదక్కడ ఆగిపోయేది. గూట్లో స్టీలు సామాను పడిపోకుండా ఆడవాళ్లు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడేవాళ్లు. మాట్లాడేవాళ్లు మాట మధ్యలోనే నోరు మూసేవాళ్లు. ఢామ్మని పేలి, ఇల్లంతా ఒక ఊపు ఊగి, దుమ్ము రాలాక మళ్లీ ఆ మాట దగ్గరే అందుకునేవాళ్లు. ఈ పిల్లలిద్దరైతే పాటను ఏ అక్షరం దగ్గర వదిలారో ఆ అక్షరం దగ్గరే, గోడకు అటొకరు ఇటొకరు ఉండి కూడా, ఒక్కసారే ఎత్తుకునేవాళ్లు. ఎవరూ ఎవరికీ సైగ చేసింది లేదు. పేలుడే వాళ్లకు తాళం.

మొదటి ఆల్బం అయ్యాక ఆస్మాకు బసంత్‌నగర్ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. పెళ్లయ్యాక మొదట్లో రోజూ ఫోన్లు, తర్వాత పండగలకు ఫోన్లు, ఆ తర్వాత "మంచిగున్నవా?" "ఆ, మంచిగున్న." అంతే. తగాదా పడ్డారా అంటే అదీ లేదు. తగాదా పడితే ఎన్ని మాటలు! తిట్టుకోవచ్చు, ఏడవచ్చు, రాజీ పడొచ్చు. ఏమీ జరగని చోట ఏమని మొదలుపెడతారు ఎవరైనా?

రెండో ఆల్బం అందుకే అలా తయారైంది. రికార్డింగు చేసే అంజి మైకు తెచ్చి యమున ఇంట్లోనే ఆమె గొంతు పట్టాడు. దాన్ని ఆస్మాకు పంపాడు. ఆస్మా చెవుల్లో యమున గొంతు పెట్టుకుని వింటూ, తన గొంతు తన ఫోన్లో పట్టి పంపింది. రెండింటినీ అంజి అతికించాడు. జంట పాట అన్నారు కానీ, పాడేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూడలేదు.

ఆరో పాట రోజు యమున లీవు పెట్టింది. పాట చివరికొచ్చింది. "నువ్వొచ్చేదాక నేను..." అన్నదో లేదో, సైరన్. అలవాటు ఎక్కడికి పోతుంది! టక్కున నోరు మూసేసింది. ఢామ్మంది. ఇల్లు ఊగింది. "నిలవడే ఉంటినే" అని వదిలిన చోటే అందుకుని పాట ముగించింది. మళ్లీ పాడతానంటే అంజి వినలేదు. "ఒద్దక్కా, గా ఆగుడు మస్తుంది. సప్పుడు నేను తీసేస్త" అన్నాడు.

తీరా పాట తయారై వచ్చాక యమున వింది. "నువ్వొచ్చేదాక నేను" వరకూ రెండు గొంతులున్నాయి. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత యమున గొంతు ఒక్కటే. ఆస్మా మళ్లీ రాలేదు.

"గట్ల ఎందుకైందే అంజన్నా?" అని అడిగింది.

"ఆస్మక్క గంతనే పాడి పంపింది. ఉంచుదామా అంటె నీ ఇష్టం అన్నది. అదిరింది గద!" అన్నాడు అంజి.

పుట్టి బుద్ధెరిగాక ఆస్మా అలా వదిలెయ్యడం యమున ఎరగదు. నేనిక రానని చెప్పడానికి దీనికంటే తేటగా ఏం చెప్పాలి అనుకుంది. ఫోన్ చేతిలోకి తీసుకునేది, ఆస్మా పేరు దాకా పోయేది, పెట్టేసేది. అడిగితే ఔననేస్తుందేమోనని భయం. అడగనన్నాళ్లూ కాదనుకోవచ్చు కదా!

జనానికి ఇదంతా ఏం తెలుసు? వాళ్లకు ఆ చోటే తెగ నచ్చింది. "ఒక గొంతు ఆగిపోయి ఇంకో గొంతు ఒంటరిగా మిగలడం... ఏం ఆలోచన!" అని హైదరాబాదు నుంచి ఒకాయన పొగిడాడు. దాని కింద చేరినవాళ్లు చేరినట్టే, "యమున ఒక్కతే చాలు", "ఈసారి యమున సోలో కావాలె" అని రాశారు. అది పట్టుకుని అంజి రానే వచ్చాడు. మూడోది ఒక్కదానివే పాడు, రేపటికల్లా మాట చెప్పు అన్నాడు. లాంప్‌రూంలో తోటి పనివాడు రఘుపతికి చెప్పుకుంటే ఆయన నవ్వాడు.

"నాగలికైతె జోడెడ్లు గావాలె గని పాటకెందుకు బిడ్డా? పాడు, ఏం ఫికర్ జెయ్యకు."

ఆ మాటకు యమునకు ఒళ్లు మండింది. షిఫ్టు దిగింది దిగినట్టే, ఇంటికి కూడా పోకుండా బసంత్‌నగర్ బస్సెక్కింది. ఔనంటే అననీ, మొహం మీద అననీ అనుకుంది. దారి పొడుగునా సిమెంటు లారీలు. కిటికీ పక్కన కూర్చుని, ఏమని అడగాలో నాలుగు రకాలుగా అనుకుంది. దిగేసరికి నాలుగూ మరిచిపోయింది.

ఆస్మా అత్త హబీబున్నీసా వాకిట్లో మంచం మీద ఉంది. ఆమెకు చూపు సరిగా ఆనదు. "కౌన్ హై?" అంది.

"యమున హై, అమ్మీ" అంది ఆస్మా, గడపలోకి వచ్చి. మనిషి చిక్కింది. కొంగుకు చేతులు తుడుచుకుంటూ, కొత్త చుట్టాన్ని చూసినట్టు, "రా, కూసో. చాయ్ పెడ్త" అంది.

"చాయ్ తాగనీకి రాలె. పాటలెట్లున్నయో జెప్పు."

"అందరు జెప్పిన్రు గద. మంచిగున్నయట."

"అందరి సంగతి నాకెందుకే? నువ్వు జెప్పు. ఆరో పాటల ఎందుకు ఇడిసిపెట్టినవ్ నన్ను?"

ఆస్మా తల ఎత్తి చూసింది. "నేనా? నేను ఇడిసిపెట్టిన్నా?" అంది. "నువ్వు ఆగినవ్. సైరన్ అయిందని సమజైంది నాకు. నేను గూడ ఆగిన. ఢాం అంటదని సూస్తున్న. అంటలేదు. ఇంక అంటలేదు. సప్పుడే లేకుండ నీ గొంతొచ్చేసింది. నాకోసం సూడకుండనే పోయినవ్ అనిపిచ్చింది. నోరు లేవలే."

యమున గడప మీద కూలబడింది. "సప్పుడు అంజన్న తీసేసిండే. పాటల బాంబు సప్పుడెందుకని తీసేసిండు" అంది.

నవ్వొచ్చే సంగతే కానీ ఎవరికీ నవ్వు రాలేదు.

"మరి మల్ల పాడకపోయినవా? నాకొక ఫోన్ జెయ్యకపోయినవా?" అంది యమున.

"ఏమని జెయ్యాలె? నువ్వొక్కదానివే పాడింది మంచిగున్నదని ఊరంత అంటుండె." ఆస్మా గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. "ఇంట్ల అందరు పండుకున్నంక కామెంట్లన్ని సదివేదాన్ని, యమునా. ఒక్కటి ఇడువకుంట సదివిన. ఆడ ఆస్మా గొంతేమైంది, ఆ పిల్ల ఎటువోయింది అని ఎవ్వలన్న అడుగుతరేమో అని. గన్ని వందల మందిల ఒక్కలు అడగలేదే. నేను లేకున్నా పాట గట్లనే ఉన్నదట."

యమున కూడా అవే కామెంట్లు అన్నీ చదివింది, పళ్లెంలో అన్నం చల్లారేదాకా చదివింది. ఎవరూ ఆస్మాను అడగలేదని మాత్రం తోచలేదు. సిగ్గేసింది. ముందుకు జరిగి ఆస్మా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"నేనడుగుతున్న. ఎటువోయినవే ఆస్మా?"

ఆస్మా వెంటనే చేతులు లాక్కుంది. "ఇన్ని దినాలకా అడిగేది?" అని యమున భుజం మీద ఒక్కటేసింది. ఇంకొకటేసింది. మూడోసారి ఎత్తిన చేయి అక్కడే ఆగిపోయింది. ఆస్మా యమున మెడను చుట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఈడనే ఉన్ననే. యాడికి వోత? ఈడనే ఉన్న" అంటూనే ఉంది.