తాళాలాయన మార్కులు

తాళాలాయనకు మతిమరుపు మొదలైందని వీధంతా ఒప్పుకుంది, ఆయన తప్ప. జరిగిందల్లా ఒక్క పొరపాటు. ఎదురెదురు రెండిళ్లవాళ్లు కొత్త తాళంచెవులు చేయించుకుంటే, ఒకరిది ఒకరికి ఇచ్చాడు. ఇరువైపులవాళ్లూ ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని గంటసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

కూతురు ఆయన తాళాల కొట్టుకు తాళం వేసేసింది. కొద్దిపాటి మతిమరుపే అని డాక్టరు ఆయన ఫోనులో బుర్రకు పదునుపెట్టే యాప్ వేయించాడు. "నెల తిరిగేలోగా డెబ్బై మార్కులు తెచ్చుకో నాన్నా, తాళం నీ చేతికిస్తా" అంది కూతురు. మార్కులు రోజూ ఆమె ఫోనుకే వెళ్తాయి.

ఆ తాళాన్ని ఆయన తలపిన్నుతో రెండు నిమిషాల్లో తీయగలడు. కానీ సరేనని కూతురికిచ్చిన మాట తప్పడం ఆయన వల్ల కాదు. యాప్‌ను మోసం చెయ్యడమంటారా, అది వేరే సంగతి.

నలభై ఏళ్లు తాళాలు తీసిన చేత్తో బొమ్మకు బొమ్మ జతచేయడమేమిటని ఫోను పట్టుకెళ్లి ఎదురుగా ఉన్న సెలూన్ నేస్తానికిచ్చాడు. "నీ బుర్ర చురుకురా. రోజూ ఓ పావుగంట నా బదులు ఆడిపెట్టు." నేస్తం ఉబ్బిపోయాడు.

యాభై ఎనిమిది. యాభై ఒకటి. నలభై నాలుగు. కూతురి మొహం రోజురోజుకీ చిన్నబోతుంటే తాళాలాయన తేలుకుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని పళ్లు నూరుకుంటూ సెలూన్‌కు వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

నేస్తం శుభ్రంగా గడ్డం గీశాడు, తువ్వాలుతో తుడిచాడు. తాళాలాయన ఫోను తీసి రెండు ఏనుగు బొమ్మల్ని కలపబోయి మూడుసార్లు తప్పాడు. ఫోను పక్కన పెట్టి, బ్రష్షు ముంచి, తాళాలాయన చెంపలకు మళ్లీ నురగ పూశాడు.

"గడ్డం బాగా పెరిగిందిరా నీకు" అన్నాడు.

తాళాలాయనకు భయమేసింది. తన గురించి ఇంతవరకూ ఒక్కరోజైనా అంత భయపడలేదు. కదలకుండా రెండోసారీ గీయించుకున్నాడు.

సాయంత్రం కూతురితో అంతా చెప్పేశాడు. నవ్వాలో తిట్టాలో ఆమెకు తెలియలేదు. "అయితే నీ నెల మళ్లీ మొదటినుంచి లెక్క" అంది చివరికి. సరేనన్నాడు.

మర్నాడు సెలూన్ గుమ్మంలో నిలబడ్డాడు. "ఆసుపత్రికి దారి గుర్తుండి చావడం లేదురా, తోడు రా." నేస్తం షట్టరు దించి ఛాతీ విరుచుకుని బయల్దేరాడు. అక్కడికెళ్లాక తాళాలాయన డాక్టరు ముందు బెదురు నటించాడు. "ముందు వీడికి పరీక్ష పెట్టండి. చూసి ధైర్యం తెచ్చుకుంటాను."

తిరిగొచ్చేటప్పుడు నేస్తం ఫోనులోనూ ఆ యాప్ ఉంది. మూడు దారులు కలిసేచోట నేస్తం ఆగిపోయాడు.

"ఎటురా?"

"నన్నడుగుతావేం, మతిమరుపు నాది కదా. మందుల కొట్టు పక్క సందని పొద్దున నువ్వే చెప్పావు."

"చెప్పే ఉంటాను" అన్నాడు నేస్తం తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. "నీకేం చెప్పినా గుర్తుండదు."

నిజమేరా అంటూ, మండుతున్న చెంప తడుముకుంటూ తాళాలాయన వెనకే నడిచాడు.